క్వింటాలుకు తొంభై ఒక్క కిలోల తరుగు

నా మనవరాలికి ఆ యూనివర్సిటీలో సీటు వచ్చే అవకాశం తొమ్మిది శాతమేనని హన్మకొండలో ఒక ఆఫీసువాళ్లు కాగితం మీద అచ్చు వేసి ఇచ్చారు. కింద గుండ్రటి ముద్ర కూడా కొట్టారు. ఇది అన్యాయం. అన్యాయమని వాళ్లకు మూడు ఉత్తరాలు రాశాను. మొదటి రెండింటికి జవాబు లేదు.

తొమ్మిది శాతమంటే నాకు ఎలా అర్థమైందో చెబుతాను. నేను వరంగల్ మార్కెట్లో పత్తి చూసి బతికినవాణ్ణి. చూడడమంటే దూరం నుంచి చూడడం కాదు. బోరెంలోకి, అంటే పత్తి నింపిన పెద్ద సంచిలోకి, మోచేతి దాకా చెయ్యి పెట్టి, అడుగు నుంచి గుప్పెడు పత్తి తీసి, పింజను రెండు బొటనవేళ్ల మధ్య లాగి, పొడవెంతో, తేమెంతో, ఏ రకానికి వస్తుందో చెప్పాలి. పైన ఉన్న పత్తి ఎప్పుడూ బాగానే ఉంటుంది. అసలు సంగతి అడుగున ఉంటుంది. తేమ ఉంటే తూకంలో కొంత తగ్గిస్తారు, దాన్ని తరుగు అంటారు. వానకు తడిసి బోరెంలోనే మొలకలెత్తిన పత్తికి తీసిన తరుగు నాకు గుర్తుంది. ఆ రైతు తిట్టిన తిట్లు కూడా గుర్తున్నాయి. నలభై ఏళ్లలో క్వింటాలుకు తొంభై ఒక్క కిలోలు తరుగు తీసిన మనిషిని మాత్రం నేను చూడలేదు. ఈ ఆఫీసు నా మనవరాలికి అంత తీసింది. అది కూడా బోరెంలో చెయ్యి పెట్టకుండా.

ఆ పిల్ల ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. దానికి పురుగులంటే పిచ్చి. పత్తికాయను తొలిచే గులాబి రంగు పురుగులను సీసాలో పెంచుతుంది. ఆ సీసాను వంటింటి అలమరలో పెడుతుంది, అక్కడ చల్లగా ఉంటుందట. ఒకరోజు మా కోడలు జీలకర్ర అనుకుని మూత తీసి, పోపు గిన్నె మీద వంచబోయి ఆగిపోయింది. ఆ రోజు మా ఇంట్లో పప్పు ఎవరూ ముట్టలేదు, పోపులో పడింది జీలకర్రేనని కోడలు ఒట్టు పెట్టినా సరే.

పురుగుల చదువు బాగా చెప్పే యూనివర్సిటీ ఒకటి దూరాన ఉంది. దేశం నలుమూలల నుంచి పిల్లలు ఎగబడితే కొద్దిమందినే తీసుకుంటారట. మార్కులొక్కటే చూడరు, మనిషి ఎలాంటిదో చూస్తారు, రాసిన వ్యాసం చదువుతారు. మా పిల్ల అక్కడికి పోతానంది. దాని తండ్రి, అంటే నా కొడుకు, బస్సు కండక్టరు. ఏళ్ల తరబడి టికెట్ మిషన్ నొక్కి నొక్కి, మిషన్లోంచి బయటికి వచ్చిన కాగితం మీద ఏముంటే అదే నిజమని నమ్మే స్థితికి వచ్చాడు. హసన్‌పర్తిలో కాలేజీ ఉంది, మా సందు చివర బస్సెక్కితే దాని గేటు ముందే దిగవచ్చు, అంతకంటే ఏం కావాలని అతని వాదన. పిల్ల ఏడవలేదు, అన్నం మానలేదు. అప్లికేషన్ ఒక్కటి పెట్టనివ్వండి, రాకపోతే నోరు మూసుకుని హసన్‌పర్తి పోతానంది. అప్పుడు వాడొక తీర్పు చెప్పాడు.

“హన్మకొండల గదేదో ఆఫీసున్నదట, సీటు అవకాశం ఎంతనో లెక్కగట్టి చెప్తరట. సగానికి మీదుంటే అప్లికేషన్ పెట్టుకో. సగం కన్న ఒక్కటి తక్కువున్నా హసన్‌పర్తిల చేరుడే. మల్ల నన్ను అడగొద్దు.”

పిల్ల సరేనంది. అలా ఒక ఆడపిల్ల చదువు ముక్కూ మొహం తెలియని ఒక కంప్యూటర్ చేతిలోకి పోయింది.

ఆ వారం పిల్లకు ప్రాక్టికల్ పరీక్షలు. కొడుకుకు మరిపెడ రూటులో డ్యూటీ. కాబట్టి ఫారం నింపడానికి నేను పోయాను. వాళ్లిద్దరూ ఖాళీగా ఉన్నా నేనే పోయేవాణ్ణి. మా ఇంట్లో కాగితం పని ఏదైనా నాదే. రేషన్ కార్డు, గ్యాసు, కరెంటు మీటరు, అన్నీ నా పేరు మీదే. ఇంట్లో సెల్లులు నాలుగు, నాలుగింటి సిమ్ములూ నా ఆధార్ మీదే ఉన్నాయి. మార్కెట్లో పనిచేసిన రోజుల్లో హమాలీలందరి అర్జీలూ నేనే రాసేవాణ్ణి. ఒకసారి ఒకతని పెళ్లి సంబంధానికి కూడా అర్జీ పద్ధతిలోనే ఉత్తరం రాశాను, “తమరి దయకై ఎదురుచూచు” అని ముగించి. సంబంధం కుదిరింది.

బళ్లో నేను చదివింది నాలుగో తరగతి వరకే. ఒకరోజు సారును, మీరు చెప్పిన లెక్క తప్పు అన్నాను. ఆయన నన్ను వరండాలో కూర్చోబెట్టాడు. లెక్క తప్పే. ఆ సారు పేరు రాయను గానీ ఆయన చెప్పుల రంగు కూడా నాకు గుర్తుంది. నెల రోజులు వరండాలోనే కూర్చున్నాను. చివరికి మా నాయన, ఎలాగూ బయట కూర్చునేదానికి బడెందుకని నన్ను మార్కెట్‌కు తీసుకుపోయాడు. తెలుగు చదవడం బజ్జీలు కట్టిచ్చిన కాగితాల మీద నేర్చుకున్నాను. అందుకే చాలా కథలకు నాకు మధ్యభాగం మాత్రమే తెలుసు. ఇంగ్లిషు మాత్రం గోనె సంచుల మీది అక్షరాలతో మొదలుపెట్టాను. తర్వాత లైబ్రరీ. ఈ ఊళ్లో లైబ్రరీ వాచ్‌మన్ కంటే ముందు వచ్చి గేటు దగ్గర నిలబడ్డ మనిషి నేనొక్కణ్ణే.

ఆఫీసు ఒక మిఠాయి దుకాణం పైన, రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. నా మోకాళ్లు రెండూ ఆ మెట్లను ఒక్కొక్కటిగా లెక్కపెట్టాయి. పైన ఒక మేడం ఉంది, ముప్పై దాటిన మనిషి, మర్యాద తెలిసిన మనిషే. కుర్చీ వేసింది, నీళ్లిచ్చింది. “ఫారం తెలుగుల గూడ ఉన్నది తాతా, నిమ్మలంగ నింపుర్రి” అని చెప్పి, ఎవరో పిలిస్తే లోపలికి పోయింది.

ఆ ఫారం గురించి ఒక మాట చెప్పాలి. నాకు డెబ్బై నాలుగేళ్లు. నేను నింపిన ఫారాలన్నీ తండ్రి పేరు, ఊరు, కులం, సంతకం లేదా వేలిముద్ర అడిగినవే. ఈ ఫారం మాత్రం వేరే జాతి. ఇప్పటివరకు మీరు చదివిన పుస్తకాలేవి అని అడిగింది. చదువుకు మీకు అడ్డం వచ్చిందేమిటి, దాన్ని ఎలా దాటారు అని అడిగింది. మీకు ఏం అనుభవం ఉంది, ఆరోగ్యం ఎలా ఉంది, అన్నీ కుదిరితే ఏం చదవాలని ఉంది, ఎందుకు అని అడిగింది. ఇన్నేళ్లలో మనిషి గానీ కాగితం గానీ ఇలాంటి మాట అడగగా నేను వినలేదు. కళ్లజోడు తుడుచుకుని మొదలుపెట్టాను. వ్యాసానికి వాళ్లు వదిలింది అర పేజీ. అది సరిపోక తెల్ల కాగితాలు అడిగి తీసుకున్నాను, మొత్తం పదకొండు అయ్యాయి. నేను చివరి చుక్క పెట్టేసరికి షట్టరు సగం దించారు. మిఠాయి దుకాణం అతను నన్ను చెయ్యి పట్టి కిందికి దించి, నా ముఖం చూసి ఒక జిలేబీ ఇచ్చాడు.

వారం తర్వాత రిపోర్టు వచ్చింది. పేరు ఉండాల్సిన చోట ఒక పొడుగాటి నెంబరు ఉంది. మిగతాదంతా ఇంగ్లిషు. నేనే చదివి అందరికీ తెలుగులో చెప్పాను. చదువులో చాలా పెద్ద విరామం ఉందన్నారు. పని అనుభవం అసాధారణమన్నారు. వ్యాసం అత్యుత్తమమన్నారు, కాకపోతే కొంచెం కోపంగా ఉందట. హాస్టల్లో చేర్చుకుంటే కింది అంతస్తులో గది ఇవ్వడం మంచిదన్నారు. అన్నిటికంటే కింద, పెద్ద అక్షరాల్లో, తొమ్మిది శాతం.

నా కొడుకు కాగితం తీసుకుని ముద్ర చూశాడు. ముద్ర ఉంటే వాడికి ఇంకేమీ అక్కర్లేదు. “అయిపాయె” అన్నాడు. వచ్చే వారం శనివారం హసన్‌పర్తి పోవాలని, ఫోటోలు దిగాలని తల్లీకూతుళ్లకు చెప్పాడు. పిల్ల కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

“గిది నా లెక్క లేదు తాతా” అంది.

“గదే వాళ్లకు రాస్తాన” అన్నాను. అప్పటికే పెన్ను తీశాను.

యూనివర్సిటీ గడువు దానికి ముందురోజు, శుక్రవారంతో అయిపోతుంది. మధ్యలో పదకొండు రోజులున్నాయి. ఆ మెట్లు మళ్లీ ఎక్కే శక్తి నా మోకాళ్లకు లేదు. పైగా నోటిమాటకు సాక్ష్యం ఉండదు. అందుకని రిజిస్టర్ పోస్టులో పంపాను, ఆ ఆఫీసు మా ఇంటి నుంచి ఆటోలో పది నిమిషాల దూరమే అయినా. మొదటి ఉత్తరం నాలుగు పేజీలు. చదువులో విరామం అన్నారు, మా పిల్ల చికున్‌గున్యా వచ్చినప్పుడు తప్ప బడి మానలేదు, అప్పుడు కూడా మూడో రోజు గోడ పట్టుకుని పోయింది అని రాశాను. పదిహేడేళ్ల పిల్లకు అసాధారణమైన పని అనుభవం ఎక్కడిది, మీరు ఎవరి గురించి మాట్లాడుతున్నారు అని నిలదీశాను. కింది అంతస్తు సంగతికి ఒక పేజీ పూర్తిగా కేటాయించాను. మా పిల్ల మెట్లు దిగదు, దూకుతుంది, మూడేసి మెట్లు ఒక్కసారి దూకుతుంది, కింది వాటావాళ్లు దాని మీద ఫిర్యాదు కూడా చేశారు, కావాలంటే ఆ ఫిర్యాదు నకలు జతపరుస్తాను అని రాశాను.

ఉత్తరం అందినట్టు సంతకం పెట్టిన కార్డు తిరిగి వచ్చింది. సంతకం బాగుంది. జవాబు మాత్రం లేదు.

రెండో ఉత్తరంలో స్వరం పెంచాను. వ్యాసం అత్యుత్తమమని మీరే అంటున్నారు, ఆ వ్యాసం నేను రాసిందే కాబట్టి ఆ మాట నిజమని నాకూ తెలుసు, మరి అత్యుత్తమమైన వ్యాసానికి తొమ్మిది శాతమైతే చెత్త వ్యాసానికి ఎంత ఇస్తారు, అది రాసినవాళ్లే తిరిగి మీకు అవకాశం బాకీ పడతారా అని అడిగాను. నాకు తెలిసినంతలో అది గట్టి ప్రశ్న. దానికీ కార్డు వచ్చింది. సంతకం ఈసారి కొంచెం తొందరగా పెట్టినట్టుంది.

బుధవారం వచ్చింది. ఇంట్లో ఫోటోలు దిగడం కూడా అయిపోయింది. పిల్ల మొహాన చిన్న నవ్వు పెట్టుకుని తిరుగుతోంది గానీ సీసాలో పురుగులకు రెండు రోజులుగా ఆకు వెయ్యలేదు. దాని గురించి నాకు తెలిసినంతలో అది ఏడవడంతో సమానం. అప్పుడు నేను, వాళ్లు సరిగ్గా చూడకపోతే మనమే చూద్దాం పద అని, దాన్ని మార్కెట్ గేటు ముందున్న చాయ్ హోటల్‌కు తీసుకుపోయాను.

అక్కడ రోజూ నా పాత దోస్తులిద్దరు కూర్చుంటారు. ఒకతను నాతోపాటు మార్కెట్లో కాంటా వేసినవాడు. మనిషిని చూస్తే బరువు చెబుతాడు, ఆ అలవాటు వల్ల పెళ్లిళ్లకు ఎవరూ పిలవరు. ఇంకొకతను చర్చి బడిలో గంట కొట్టి రిటైరైనవాడు. వేల మంది పిల్లలు లోపలికి పోవడం, బయటికి రావడం చూశాడు. ఎవరు పైకొస్తారో నడక చూసి చెప్పగలనంటాడు. ఒకప్పుడు ఆ గంటే జారి పడి అతని కుడిచేతి చూపుడువేలు సగం పోయింది.

మా పద్ధతి పాతది. మార్కెట్లోకి కంప్యూటర్లు రాకముందు బేరం చేతుల మీద నడిచేది. రెండు చేతుల మీద తువ్వాల కప్పి, లోపల వేళ్లు నొక్కి ధర చెప్పుకునేవాళ్లం. పక్కవాడికి ఏమీ తెలియదు, నోరు జారేది ఉండదు, ఒకరి మాట ఇంకొకరి మీద పడదు. ఒక్కో వేలు పది శాతమని నేను నియమం పెట్టాను. పిల్లను బెంచీ మీద కూర్చోబెట్టి చూడమన్నాను.

కాంటా దోస్తు దాన్ని పురుగుల గురించి అడిగాడు. గులాబి పురుగు కాయ లోపలికి పోయాక మందు కొట్టినా ఎందుకు చావదో అది పావుగంట చెప్పింది. చాయ్ పోసే అతను వడగట్టడం ఆపి విన్నాడు. తను పత్తి వేసినప్పుడు ఎవరూ ఈ సంగతి చెప్పలేదని కాంటా దోస్తు బాధపడ్డాడు. గంట దోస్తు మాత్రం హాస్టల్ తిండి మీదికి పోయాడు. అక్కడ నీళ్ల పప్పు పోస్తే ఏం చేస్తావని అడిగాడు.

“మా అమ్మ పురుగుల పప్పు వండబోయిన ఇల్లు మాది. నీళ్ల పప్పుకు నాకేం ఫికర్ తాతా” అందది.

“నడువు, బేరం పెట్టు” అన్నాడు గంట దోస్తు నాతో.

తువ్వాల కప్పాం. కాంటా దోస్తు ఏడు వేళ్లు నొక్కాడు. ఎనిమిదో వేలు తాకి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. తరుగు తీసే అలవాటు రక్తంలో ఉంటుంది. గంట దోస్తు తొమ్మిది వేళ్లు నొక్కాడు, కానీ అందులో ఒకటి ఆ సగం వేలు.

“బావా, నీ సగం వేలుకు పది ఏసుకోవాల్నా, అయిదు ఏసుకోవాల్నా?” అన్నాను.

“వేలు సగమైతే నా మాట సగమా? పది ఏసుకో.”

“ఇన్నేండ్ల సంది నువ్వు చాయ్ గ్లాసు గూడ సగమే పడతాన్నవ్ గద, గా లెక్కన అయిదే” అన్నాడు కాంటా దోస్తు.

దీని మీద చాలాసేపు నడిచింది. గంట దోస్తు లేచి నిలబడి, ఈ వేలు దేవుని పనిలో పోయిందని, దీనికి పది కాదు ఇరవై వెయ్యాలని అన్నాడు. పిల్ల కడుపు పట్టుకుని నవ్వుతూ, “నేనేమన్న పత్తి బోరెమా తాతా” అని అడిగింది. కాదనలేదు నేను. నలభై ఏళ్లు నాకు తెలిసిన పని అదొక్కటే. చివరికి గొడవ లేకుండా ఆ సగం వేలుకు ఏడున్నర శాతం వేసుకున్నాం. నా లెక్క నేను బయటికి చెప్పలేదు, బంధువును కాబట్టి. ఇద్దరివీ కలిపి సగం చేస్తే డెబ్బై ఎనిమిది దాటింది.

మూడో ఉత్తరం ఒక్క పేజీ. ఇద్దరు అనుభవజ్ఞులు మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, చేతులు పట్టుకుని తేల్చిన అంచనా ఇది, మీరు మొహం చూడకుండా తొమ్మిది అన్నారు, ఈ తేడాకు సంజాయిషీ ఇవ్వండి అని రాశాను. సగం వేలు సంగతి దాచలేదు, కింద వివరణగా ఇచ్చాను. గురువారం పొద్దున పోస్టాఫీసుకు పోతే, కౌంటరు దగ్గరి మనిషి నా కవరు చూసి నవ్వి, ఇది శనివారం గానీ చేరదని చెప్పాడు. శనివారం చేరితే ఉత్తరానికి విలువేముంది. కవరు పట్టుకుని ఇంటికి వచ్చి కూర్చున్నాను.

పిల్ల నా చేతిలోంచి కవరు తీసుకుంది. “నేనే ఇచ్చొస్త తియ్యి” అంది. వద్దన్నాను. అవతలి పక్షం ఆఫీసుకు మన పక్షం పిల్ల పోవడం పద్ధతి కాదన్నాను. అది చెప్పులు వేసుకుంటూనే విన్నది. మెట్ల మీద దూకిన చప్పుడు మూడుసార్లే వినిపించింది, తొమ్మిది మెట్లు అయిపోయాయి.

మధ్యాహ్నం కొడుకు డ్యూటీ దిగి అన్నం తింటుండగా తిరిగి వచ్చింది. చేతిలో ఇంకో కవరుంది, దాని మీద అదే గుండ్రటి ముద్ర. పెదాలు లోపలికి బిగబట్టి, కవరు నా ఒళ్లో పెట్టి, సీసా తీసుకుని పురుగులకు ఆకు వెయ్యడానికి కూర్చుంది. ముద్ర చూడగానే నా కొడుకు చెయ్యి పళ్లెంలోనే ఆగిపోయింది. గట్టిగా చదువు బాపూ, అన్నాడు. నేను కళ్లజోడు పెట్టుకుని, ఆ మేడం రాసిన ఉత్తరాన్ని ఇల్లంతా వినేట్టు చదివాను.

“పెద్దాయనకు నమస్కారం. మీ మూడు ఉత్తరాలూ మా దగ్గర భద్రంగా ఉన్నాయి. మీరు రెండో అభ్యర్థి ఒకరి గురించి అడుగుతున్నారనుకుని, ఆమె ఫైలు వెతుకుతూ ఇన్ని రోజులు జవాబు రాయలేదు. ఈ రోజు మీ మనవరాలు వచ్చాకే మాకు సంగతి అర్థమైంది. ఆమె ఫైలు మా దగ్గర లేదు. ఆమె వివరాలు ఇంతవరకు మాకెవరూ ఇవ్వలేదు. మీరు నింపిన ఫారంలో పేరు మీది, వయసు మీది, నాలుగో తరగతి మీది, మోకాళ్లు మీవి. తొమ్మిది శాతం కూడా మీదే. డెబ్బై నాలుగేళ్ల మనిషికి మా కంప్యూటర్ ఎప్పుడూ సున్నాకు మించి ఇవ్వలేదు. తొమ్మిది ఎలా వచ్చిందో చూస్తే, అది మీ పదకొండు పేజీల వల్ల వచ్చింది. మా ఆఫీసులో అందరం చదివాం. ఆ సారు మిమ్మల్ని వరండాలో కూర్చోబెట్టిన చోట ఇద్దరం ఏడ్చాం కూడా. అదలా ఉంచి, మీ మనవరాలి సంగతి. ఆమెను కూర్చోబెట్టుకుని గంటసేపు మాట్లాడాను. ఆమె అవకాశం ఎంతో శాతంలో చెప్పలేను గానీ, సగానికి మీదేనని నా సంతకంతో రాసిస్తున్నాను, ఈ కాగితం వాళ్ల నాన్నగారికి చూపించండి. గడువు రేపు సాయంత్రం వరకు ఉంది. పొద్దున్నే ఆమెను పంపండి, అప్లికేషన్ ఇక్కడే పెట్టిస్తాను. ఫారం మాత్రం దయచేసి ఆమెనే నింపనివ్వండి.”